హిమేజీ కోట: 400 ఏళ్ళ మరమ్మతు



ఈరోజు జపాన్‌లోని ఒక కోట గురించి మాట్లాడుకుందాం. దాని పేరు హిమేజీ కోట. ఒసాకా నగరం నుంచి పడమటివైపు రైలెక్కితే గంట ప్రయాణం. హిమేజీ స్టేషన్ బయటికొచ్చి నిలబడితే చాలు. తిన్నగా సాగిన పెద్ద రోడ్డు చివర, చిన్న గుట్ట మీద, తెల్లగా కనిపిస్తుంది. ఆ ఊరివాళ్ళు దాన్ని తెల్ల కొంగ కోట అని కూడా పిలుచుకుంటారు.

ఇప్పుడు మనం చూసే రూపంలో ఆ కోట 1609లో పూర్తయింది. అంటే 400 ఏళ్ళు దాటింది. అది కర్రతో కట్టిన కోట. ఈ మాట రెండోసారి కూడా చెబుతాను, కర్రతో కట్టిన కోట. ఎందుకంటే కోట అనగానే మన మనసులోకి రాతి గోడలే వస్తాయి. అక్కడ రాయి కింద పీఠం వరకే. పైనున్నదంతా కర్ర దూలాలు, కర్ర స్తంభాలు, కర్ర నేల. గోడలకు మట్టి, మట్టి మీద సున్నం. నెత్తిన పెంకు.

ఆ దేశమేమో భూకంపాల దేశం. ఏటా తుపానులు. ఒక్క దీపం ఒరిగితే వీధులకు వీధులు అంటుకున్న చరిత్ర ఉన్న దేశం. పైగా రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి మీదే బాంబులు కురిశాయి. మరి కర్ర కోట 400 ఏళ్ళు ఎలా నిలబడింది?

ఒక్క మాటలో చెప్పమంటే, మరమ్మతు అంటాను. అదృష్టం పాత్ర కూడా ఉంది, కాదనను. ఆ సంగతీ చెబుతాను. కానీ అసలు సంగతి మరమ్మతే.

మన పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి. వానాకాలం ముందు మనిషిని పిలిపించి పెంకు తిరగేయించేవాళ్ళు. పెంకులన్నీ దించుతారు. పగిలినవి పక్కన పడేస్తారు. బాగున్నవి దులిపి మళ్ళీ పేరుస్తారు. తక్కువైన వాటికి కొత్తవి కొంటారు. పెంకు దించినప్పుడే వాసాలు బయటపడతాయి. ఏ వాసానికి చెద పట్టిందో అప్పుడు తెలుస్తుంది. ఆ ఒక్క వాసం మారుస్తారు. గోడకు సున్నం కొడతారు. ఇలా చేసిన ఇల్లు మూడు తరాలు నిలుస్తుంది. రెండేళ్ళు మానేస్తే ఒక పెంకు జారుతుంది. ఆ సందులోంచి నీళ్ళు దిగుతాయి. వాసం నానుతుంది. ఆ తర్వాత ఇల్లే కూర్చుంటుంది. హిమేజీ కోట కథ కూడా ఇంతే. కాకపోతే అక్కడ పెంకులు ఒక్క పెద్ద మేడ మీదే దాదాపు 75 వేలు. మేడ బరువు దాదాపు 5,700 టన్నులు.

సరే, అసలు ఆ కోట ఎవరు కట్టారు?

మొదట 1333లో, అకమత్సు అనే వంశంవాళ్ళు ఆ గుట్ట మీద ఒక చిన్న స్థావరం వేసుకున్నారు. గుట్ట ఎత్తు 45 మీటర్లే. కానీ చుట్టూ మైదానం. దేశపు పడమటి ప్రాంతాల నుంచి రాజధాని వైపు పోయే ప్రధాన మార్గం దాని పక్కనుంచే వెళ్తుంది. అక్కడ కూర్చున్నవాడికి వచ్చేపోయే సైన్యాలన్నీ కంటికి ఆనుతాయి. అందుకే ఆ గుట్ట ఎన్నో చేతులు మారింది.

ఆ తరువాత కురొదా వంశం వచ్చింది. వాళ్ళలో కురొదా కాన్‌బే అనే యుక్తిపరుడు ఒకడున్నాడు. 1580లో హిదెయోషి అనే సేనాని పడమటి దండయాత్రకు వస్తే, ఈ కాన్‌బే తన కోటనే తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. హిదెయోషి ఆ తర్వాత జపాన్ మొత్తాన్ని ఒక్క తాటి మీదికి తెచ్చినవాడు. పేద కుటుంబంలో పుట్టి అంత పైకి వచ్చినవాడు. ఆయన హిమేజీలో 3 అంతస్తుల మేడ కట్టించాడు.

ఆ కాలం గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. పీఠం కట్టడానికి రాళ్ళు చాలలేదట. ఊళ్ళో బియ్యపు రొట్టెలు కాల్చి అమ్ముకునే ఒక ముసలమ్మ ఉండేది. ఆమె తన తిరగలి రాయి తెచ్చి ఇచ్చిందట. అది విని ఊరు ఊరంతా తలా ఒక రాయి మోసుకొచ్చిందట. జరిగిందో లేదో గానీ, ఆ తిరగలి రాయి అని చూపించే రాయి ఇప్పటికీ గోడలో ఉంది. ఎవరూ పెకలించకుండా దానికి ఇనుప జాలీ బిగించారు. రాళ్ళకు కరువు వచ్చిన మాట మాత్రం నిజమే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ కోట గోడల్లో రాతి దీపస్తంభాల ముక్కలు, పాత సమాధుల్లోని రాతి పెట్టెలు కూడా కనిపిస్తాయి. దొరికిందల్లా పేర్చేశారన్నమాట.

ఇక 1600 సంవత్సరం. సెకిగహారా అనే చోట పెద్ద యుద్ధం జరిగింది. తొకుగావా ఇయెయాసు గెలిచాడు. ఆయన వంశమే ఆ తర్వాత 260 ఏళ్ళకు పైగా జపాన్‌ను ఏలింది. గెలిచాక ఇయెయాసు ఈ హిమేజీని తన అల్లుడు ఇకెదా తెరుమాసాకు ఇచ్చాడు. కారణం ఉంది. పడమటి దిక్కున ఉన్న సామంతుల్లో చాలామంది ఆయనకు నమ్మకస్తులు కారు. దారి మధ్యలో నమ్మకమైన మనిషి ఒకడు కాపలా ఉండాలి. అల్లుడిని పెట్టాడు.

ఆ అల్లుడు 1601లో పని మొదలుపెట్టాడు. పాత 3 అంతస్తుల మేడ తీసేశాడు. 1609కి కొత్త మేడ లేచింది. రాతి పీఠమే 15 మీటర్ల ఎత్తు. దాని మీద మేడ ఇంకో 31 మీటర్లు. బయట నిలబడి లెక్కపెడితే 5 అంతస్తులు కనిపిస్తాయి. లోపలికెళ్ళి మెట్లెక్కితే 6. భూగృహం కలుపుకుంటే 7. శత్రువుకు తప్పు లెక్క చూపించే కట్టడం అది. పెద్ద మేడకు తోడుగా మూడు చిన్న మేడలు. నాలుగింటినీ కలుపుతూ వసారాలు.

నిట్టాడు అంటే మీకు తెలుసు. పాకకు నడిమధ్య నిలబెట్టే స్తంభం. ఈ ఏడంతస్తుల మేడకు రెండు నిట్టాళ్ళు ఉన్నాయి. ఒకటి తూర్పున, ఒకటి పడమట. భూగృహం నుంచి పై అంతస్తు దాకా లేచిన స్తంభాలు. ఒక్కోటి దాదాపు 25 మీటర్ల పొడవు. మొదలు దగ్గర దాదాపు మీటరు మందం. మేడకు ప్రధాన ఆధారం అవే. ఈ రెండు స్తంభాలను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాటి దగ్గరికే వస్తాం.

ఆ తెల్లదనం ఎందుకో కూడా చెప్పుకోవాలి. అందం కోసమే అయితే అంత ఖర్చు పెట్టరు. అది నిప్పు కోసం. నిప్పు బాణాలు, తుపాకులు వచ్చిన కాలం అది. బయట కర్ర ముక్క కనిపించకుండా అంతటా సున్నం మెత్తారు. గోడలకే కాదు, చూరు కింద వాసాలక్కూడా. పెంకుకూ పెంకుకూ మధ్య అతుకుల మీద కూడా. అందుకే దూరం నుంచి చూస్తే కప్పు సైతం తెల్లగా కనిపిస్తుంది. మన పాత మేస్త్రులు గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కలిపేవాళ్ళు. జపాన్‌వాళ్ళు సముద్రపు నాచు ఉడికించిన జిగురు, జనపనార కలుపుతారు. జిగురు పట్టి ఉంచుతుంది. నార పగుళ్ళు రానివ్వదు. అయితే వానకు, బూజుకు ఆ సున్నం నల్లబడుతుంది. కొన్ని దశాబ్దాలకు మళ్ళీ పూయాల్సిందే. అంటే ఆ కోట మరమ్మతు లేకుండా బతకలేదని కట్టిన రోజునే కట్టినవాళ్ళకు తెలుసు.

కోట లోపలి దారి చూస్తే నవ్వొస్తుంది. మేడ కళ్ళెదురుగానే ఉంటుంది. అటే నడుస్తాం. దారి పక్కకు తిప్పేస్తుంది. ఒక ద్వారం దాటితే మేడ వెనక్కి పోతుంది. ఇంకో ద్వారం దగ్గర వంగి దూరాలి. మలుపు తిరిగితే ముందుకెళ్తున్నామో, వెనక్కెళ్తున్నామో తెలియదు. అడుగడుగునా గోడల్లో కన్నాలు. గుండ్రనివి, మూడు మూలలవి, నలుచదరపువి తుపాకులకు. నిలువుగా పొడుగ్గా ఉన్నవి బాణాలకు. మేడ అంచుల్లో రాళ్ళు దొర్లించడానికి వేరే సందులు. ముట్టడి నెలల తరబడి సాగితే ఎలా అని భూగృహంలో మరుగుదొడ్లు కూడా కట్టారు.

ఇంతా చేసి, ఆ కోట మీద ఒక్క ముట్టడి కూడా జరగలేదు. ఆ మరుగుదొడ్లు వాడిన ఆనవాళ్ళు కూడా లేవు. దేశంలో యుద్ధాలు ఆగిపోయాయి. 1615లో ఒసాకా కోట పడిపోవడంతో చివరి పెద్ద పోరు ముగిసింది. అదే ఏడు, ఒక్కో సామంతుడికి ఒక్క కోటే ఉండాలి, మిగిలినవి పడగొట్టాలి అని ఆజ్ఞ వచ్చింది. దేశమంతటా కోటలు కూలాయి. హిమేజీ మిగిలింది.

ఒసాకా పేరు వచ్చింది కాబట్టి సెన్ రాకుమారి గురించి చెప్పకుండా ఉండలేను. ఆమె ఇయెయాసుకు మనవరాలు. ఏడేళ్ళ వయసులో ఆమెను హిదెయోషి కొడుకు హిదెయోరికి ఇచ్చి పెళ్ళి చేశారు. రెండు వంశాల మధ్య సంధి కోసం. తర్వాత ఆ తాతే మనవరాలి అత్తింటి మీదికి దండెత్తాడు. ఒసాకా కోట తగలబడింది. భర్త చనిపోయాడు. ఆమెను మాత్రం బయటికి తెచ్చారు. మరుసటి ఏడు హొండా తదతోకి అనే యువకుడితో మళ్ళీ పెళ్ళయింది. 1617లో ఆ దంపతులు హిమేజీకి వచ్చారు. అప్పటికి ఇకెదా వంశాన్ని వేరే చోటికి మార్చి, హిమేజీని తదతోకి తండ్రికి ఇచ్చారు. కోడలు తెచ్చిన సొమ్ముతో పడమటి ఆవరణ, పొడవాటి వసారాలు, ఆమె కోసం ఒక విశ్రాంతి మందిరం కట్టారు. అక్కడ ఆమెకు కొన్నేళ్ళు సుఖంగానే గడిచాయి. ఆ తర్వాత చిన్నవాడైన కొడుకు పోయాడు. 1626లో భర్త కూడా పోయాడు. ఆమె యెదోకు, అంటే ఇప్పటి టోక్యోకు, తిరిగి వెళ్ళి సన్యాసం తీసుకుంది. ఆ వసారాలు, ఆ మందిరం నేటికీ ఉన్నాయి.

ఆ తర్వాత 200 ఏళ్ళకు పైగా ఎందరో ప్రభువులు మారారు. చరిత్ర పుస్తకాల్లో చెప్పుకోదగ్గ పెద్ద సంఘటనలేం లేవు. కానీ కోటకు మాత్రం ఒక జబ్బు బయటపడింది. మేడ ఆగ్నేయానికి ఒరగడం మొదలైంది. దాని మీద కూడా ఒక కథ పుట్టింది. మేడ కట్టిన పెద్ద వడ్రంగి సకురాయి గెన్‌బే, తన పనిలో వంకర వచ్చిందని తెలిసి, ఉలి నోట్లో పెట్టుకుని పై నుంచి దూకేశాడని. పాపం, ఆ వడ్రంగి తప్పేం లేదు. వడ్రంగం సరిగానే ఉంది. కింద నేలే మెత్తన. అంత బరువుకు పునాది రాళ్ళు ఒకవైపు దిగబడ్డాయి. ఆ కాలంవాళ్ళు అది తెలియక, ఊతకర్రలు పెట్టి, అదనపు స్తంభాలు కట్టి నెట్టుకొచ్చారు. చేతనైనంత చేశారు. కోట పడలేదు.

ఇప్పుడు 1868కి వద్దాం. తొకుగావా పాలన పోయింది. చక్రవర్తి పేరుతో కొత్త ప్రభుత్వం వచ్చింది. హిమేజీ ప్రభువు పాత పాలకుల పక్షం. కొత్త సైన్యం వచ్చి కోట ముందు నిలబడింది. కోట లొంగిపోయింది. పెద్ద యుద్ధం జరగలేదు.

ఇక్కడి నుంచి కోటకు అసలు గండం మొదలైంది. శత్రువుల వల్ల కాదు, పట్టించుకునేవాడు లేక. 1871లో సామంత రాజ్యాలన్నీ రద్దయ్యాయి. కోటలు ఎవరికీ అక్కర్లేని పాత సరుకయ్యాయి. హిమేజీ కోటను వేలం వేస్తే ఆ ఊరివాడే ఒకాయన కొన్నాడని చెబుతారు. ఎంతకో తెలుసా? 23 యెన్‌లకు. ఆ రోజుల్లో యెన్‌కు విలువ ఎక్కువే అనుకున్నా, కోటకు అది ధరా? కోట పడగొట్టి పెంకు, ఇనుము, సామాను అమ్ముకుందామని ఆయన ఆలోచన. లెక్క వేస్తే, వచ్చే డబ్బు కన్నా పడగొట్టే కూలే ఎక్కువని తేలింది. ఆ బేరం వదులుకున్నాడు. అదృష్టం పాత్ర ఉందన్నానే, ఇది అందులో మొదటిది.

1873లో ప్రభుత్వం దేశంలోని కోటలను రెండు కుప్పలు చేసింది. సైన్యానికి పనికొచ్చేవి ఉంచుకోవడం, మిగిలినవి వదిలించుకోవడం. హిమేజీ సైన్యం చేతికి వెళ్ళింది. కింది ఆవరణలో ప్రభువులు కాపురమున్న ఇళ్ళన్నీ పడగొట్టి సైనికులకు బారకాసులు వేశారు. పైన మేడను పట్టించుకోలేదు. కప్పు మీద గడ్డి మొలిచింది. సున్నం రాలింది. జారిన పెంకు, ఆ సందులోంచి నీళ్ళు, నానిన వాసం. ఇందాక చెప్పుకున్న వరసే.

అప్పుడు ఒక మనిషి ఉత్తరం రాశాడు. నకమురా షిగెతో అని, సైన్యంలో కల్నల్. 1878లో తన పై అధికారి, సైన్యంలో పెద్ద తలకాయ అయిన యమగాతా అరితోమోకు విన్నపం పంపాడు. నగోయా కోట, హిమేజీ కోట ఈ దేశపు కట్టడాల్లో గొప్పవి, వీటిని ఖర్చు పెట్టి నిలబెట్టాలి అని. మరుసటి ఏడు ఆ రెండు కోటలనూ ప్రభుత్వ ఖర్చుతో కాపాడాలని నిర్ణయం జరిగింది. రాజు కాదు, మంత్రి కాదు, ఒక కల్నల్ రాసిన ఉత్తరం. హిమేజీ కోట లోపల ఆయన పేరుతో ఒక శిలాఫలకం ఉంది. అక్కడికి వెళ్ళే వాళ్ళలో చాలామంది దాని ముందు నుంచే ఫోటోలు తీసుకుంటూ వెళ్ళిపోతారు.

నిర్ణయమైతే జరిగింది గానీ, డబ్బు చాలినంత రాలేదు. ఇది మనకు కొత్త విషయం కాదు. చివరికి ఊరి జనం పట్టుబట్టగా 1910లో పని మొదలై, మరుసటి ఏడు ముగిసింది. కూలిపోయే ప్రమాదం తప్పింది. ఒరుగు మాత్రం సరిచేయలేకపోయారు. అందుకు మేడ మొత్తం విప్పాలి. విప్పే డబ్బు లేదు. 1912లో కోటను జనం చూడ్డానికి తెరిచారు.

తర్వాత 1934లో భారీ వానలకు పడమటి ఆవరణలో రాతి గోడ కూలింది. దాంతో మళ్ళీ పెద్ద మరమ్మతు మొదలైంది. ఇంతలో యుద్ధం. పని ఆగిపోయింది.

1945. అమెరికా విమానాలు జపాన్ నగరాల మీద నిప్పు బాంబులు వేస్తున్నాయి. తెల్లగా మెరిసే కోట ఆకాశం నుంచి బాగా కనిపిస్తుందని, దానికి నల్లటి వలలు కప్పారు. జులై 3 రాత్రి హిమేజీ మీద దాడి జరిగింది. తెల్లారేసరికి ఊళ్ళో చాలాభాగం బూడిద. కోట చుట్టుపక్కలంతా కాలిపోయింది. కోట మేడ పై అంతస్తులో కూడా ఒక నిప్పు బాంబు పడింది. కానీ అది పేలలేదు. ఇది రెండో అదృష్టం. ఇళ్ళు పోగొట్టుకున్న జనం పొద్దున్నే తలెత్తి చూస్తే కోట అలాగే ఉంది. ఆ ఊరివాళ్ళకు ఆ కోట అంటే ఎందుకంత ప్రాణమో అర్థం చేసుకోవాలంటే ఆ ఉదయాన్ని గుర్తుపెట్టుకోవాలి.

మిగతా కోటల సంగతి చెబుతాను. కల్నల్ ఉత్తరంలో పేరున్న నగోయా కోట అదే ఏడు మే నెలలో బాంబులకు కాలిపోయింది. ఒకాయామా కోట జూన్‌లో కాలింది. హిరోషిమా కోట ఆగస్టులో అణుబాంబుకు కూలింది. ఈరోజు జపాన్ మొత్తంలో పాత కాలపు మేడ మిగిలిన కోటలు 12 మాత్రమే. వాటిలో పెద్దది హిమేజీ.

ఇక అసలు కథ. 1956లో కోట మేడను విప్పడం మొదలుపెట్టారు. విప్పడం అంటే నిజంగా విప్పడమే. చుట్టూ పరంజాలు కట్టి, వాన పడకుండా మేడకంతా పెద్ద కప్పు వేశారు. పై నుంచి కిందికి, పెంకు, వాసం, దూలం, స్తంభం, ఒక్కొక్కటీ గుర్తు పెట్టి దించారు. చివరికి ఖాళీ పీఠం మిగిలింది. పెద్ద మేడ కింద హిదెయోషి కట్టించిన పాత మేడ పునాది రాళ్ళు అప్పుడే బయటపడ్డాయి. దిగబడిన పునాది తీసేసి, గట్టి కాంక్రీటు పునాది వేశారు. మేడలో కంటికి కనిపించని ఆ ఒక్క చోటే కాంక్రీటు. పైన మళ్ళీ అంతా కర్రే.

ఇప్పుడు ఆ రెండు నిట్టాళ్ళ దగ్గరికి వద్దాం. తూర్పు స్తంభం గట్టిగానే ఉంది. అడుగున కొంత ముక్క మార్చి దాన్నే నిలబెట్టారు. పడమటి స్తంభం లోపల పుచ్చిపోయింది. దాన్ని మార్చాలి. హినోకి అనే చెట్టు కావాలి. జపాన్‌లో పెద్ద పెద్ద గుళ్ళకు వాడే కర్ర అదే. దాదాపు 25 మీటర్ల నిటారు మాను, పైదాకా తగినంత మందం ఉండాలి. అలాంటి చెట్టు ఎక్కడ దొరుకుతుంది? అడవులన్నీ గాలించారు. కిసో కొండల్లో దొరికింది. సంబరపడ్డారు. తీరా కోటకు చేర్చేలోపే అది విరిగింది.

ఏం చేస్తారు? రెండు మానులు కలిపి ఒక స్తంభం చేశారు. ఒకటి కిసో అడవి నుంచి. రెండోది హిమేజీకి దగ్గర్లోనే ఉన్న కసగాతా అనే గుడి ఆవరణలోంచి. గుడివాళ్ళు తమ చెట్టు ఇచ్చారు. మాను ఊళ్ళోకి వచ్చిన రోజున జనం తాళ్ళు పట్టి, ఊరేగింపుగా కోటకు లాక్కొచ్చారు. వడ్రంగులు ఆ రెండు మానులనూ మూడో అంతస్తు దగ్గర అతికారు. ఒకదానిలో ఒకటి కూర్చునేలా చెక్కి బిగించిన అతుకు. ఇప్పటికీ మూడో అంతస్తుకు వెళ్తే ఆ అతుకు కనిపిస్తుంది. దాచలేదు. పుచ్చిన పాత స్తంభాన్ని కూడా పారేయలేదు. దాన్ని కోట ఆవరణలోనే పడుకోబెట్టి జనానికి చూపిస్తున్నారు.

1964కి పని ముగిసింది. మేడ నిటారుగా నిలబడింది. వందల ఏళ్ళ ఒరుగు పోయింది.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. స్తంభం మార్చారు, పునాది మార్చారు, సున్నం కొత్తది, పెంకుల్లో కొన్ని కొత్తవి. అది పాత కోటే అంటామా? ఈ ప్రశ్న పెద్ద పెద్ద నిపుణులకూ వచ్చింది. రాతి కట్టడాల దేశాలవాళ్ళు, పాత రాయి ఉంటేనే పాత కట్టడం అనేవాళ్ళు. కర్ర కట్టడాల దేశాలవాళ్ళు, కర్ర సంగతి వేరు, విప్పి మార్చకపోతే అది అసలే ఉండదు అన్నారు. 1993లో హిమేజీ కోటకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. జపాన్ నుంచి మొదటి విడతలోనే. ఆ మరుసటి ఏడు జపాన్‌లోని నారా నగరంలో నిపుణులు కూర్చుని, ఏది అసలైనదో తేల్చేటప్పుడు ఆయా దేశాల పద్ధతులను కూడా చూడాలని ఒక పత్రం రాశారు. నా మట్టుకు నాకు ఇందులో తగాదా ఏమీ కనిపించదు. మార్చాల్సిన ముక్కే మార్చి, మిగిలిందంతా పాతదే ఉంచి, పాత పద్ధతిలోనే బిగించారు. తాత చేసిన పనినే మనవడు చేశాడు. అది పాత కోటే.

1995 జనవరిలో ఆ పనికి పరీక్ష కూడా వచ్చింది. కోబే భూకంపం. హిమేజీ కోబేకు పడమట, దగ్గర్లోనే ఉంది. కోబేలో కాంక్రీటు వంతెనలు ఒరిగిపోయాయి. కోట మేడకు చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు. పై అంతస్తులో ఒక చిన్న గుడి ఉంది. అక్కడ దేవుడి ముందు పెట్టిన సీసా కూడా పడిపోలేదని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

చివరి పెద్ద మరమ్మతు 2009లో మొదలైంది. అంటే 1964 తర్వాత 45 ఏళ్ళకు. ఈసారి విప్పాల్సిన అవసరం రాలేదు. పెంకు తిరగేశారు. సున్నం కొత్తగా మెత్తారు. పెంకులన్నీ దించి ఒక్కొక్కటీ చూసి, బాగున్నవి మళ్ళీ వాడారు. ఒక మంచి పని చేశారు. మరమ్మతు జరుగుతోంది, మూసేశాం, తర్వాత రండి అనలేదు. పరంజాకు లిఫ్టు పెట్టి, అద్దాల వెనక నుంచి జనం ఆ పని చూసే ఏర్పాటు చేశారు. మేస్త్రి తాపీతో సున్నం మెత్తుతుంటే, పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూశారు. మామూలు రోజుల్లో కోట కప్పును అంత దగ్గరగా చూసే అవకాశం ఎవరికీ రాదు.

2015 మార్చిలో మేడను మళ్ళీ జనానికి తెరిచారు. చూసినవాళ్ళు అవాక్కయ్యారు. మరీ తెల్లగా ఉందని కొందరు సణిగారు కూడా. నల్లబడిన కోటకు అలవాటుపడిన కళ్ళు కదా! నిజానికి కట్టినప్పుడు కోట అంత తెల్లగానే ఉండేది. ఆ తర్వాతి ఏడాదిలో 28 లక్షల మందికి పైగా జనం దాన్ని చూడ్డానికి వచ్చారు. ఇంకొన్నేళ్ళకు మళ్ళీ నల్లబడుతుంది. మళ్ళీ మెత్తుతారు.

ఈ పెద్ద మరమ్మతుల వల్ల ఇంకో లాభం ఉంది. ఒక తరంలో ఒక్కసారైనా ఇంత పని తగిలితే, పాత మేస్త్రి పక్కన కొత్త కుర్రాడు నిలబడి నేర్చుకుంటాడు. నాచు జిగురు ఎంత ఉడకాలి, నార ఎంత కలపాలి, అతుకు ఎలా చెక్కాలి, ఇవన్నీ కాగితం మీద చదివితే రావు. పని ఆగితే చెయ్యి పోతుంది. చెయ్యి పోతే డబ్బున్నా కోట నిలబడదు.

శ్రోతలారా, మీ పిల్లలు ఎవరైనా జపాన్‌లో చదువుకో, ఉద్యోగానికో ఉండి, మీరు అటు వెళ్ళే వీలుంటే ఒక పూట హిమేజీకి కేటాయించండి. లోపల చెప్పులు విప్పాలి. మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తొందరపడకండి. మూడో అంతస్తులో ఆగి పడమటి స్తంభం అతుకు చూడండి. దిగి వచ్చాక కల్నల్ నకమురా ఫలకం దగ్గర ఒక్క నిమిషం నిలబడండి.

వీలుంటే నగోయాకు కూడా వెళ్ళండి. ఆ ఉత్తరం కాపాడిన రెండో కోట అదే కదా. కాలిపోయిన మేడ స్థానంలో 1959లో కాంక్రీటుతో అదే ఆకారంలో కొత్త మేడ కట్టారు. లిఫ్టు కూడా పెట్టారు. భూకంపానికి తట్టుకునే బలం చాలదని 2018లో ఆ మేడ లోపలికి జనాన్ని పంపడం ఆపేశారు. దాన్ని బయటి నుంచే చూడాలి. 1609 నాటి హిమేజీ కర్ర మేడలో మాత్రం పై అంతస్తు దాకా ఎక్కనిస్తారు.